డీజిల్ మూతకు పసుపు

దా నవీనూ, దా. కూసో. గా కుర్చీల కాదు, దానికి ఒక కాలు మొండిది, నిన్ను కింద పడేసిందాంక ఊకోదు. గీ అరుగు మీద కూసో. చాయ తాగుతవా? తాగుతవ్ తీయ్. అగో, చేతికేంది గది? పసుపా? పొద్దుగాల్నే పెండ్లిపిల్లకు పసుపు రాసొచ్చినవా ఏంది? ఆఁ, వదినె వాళ్ల వాకిట్ల బండి చూసొచ్చినవా. బండి చూస్తె చేతికి పసుపెందుకంటుతదిరా... ఓరి పోరడా, డీజిల్ మూత తీసినవా! ఎవ్వలనడిగి తీసినవ్? సక్కుబాయి వదినె చూసిందా? చూడలేదా, బతికిపోయినవ్ పో. చూసుంటె చీపురుకట్ట తిరగేసి నీ ఇంజన్లనే మిస్సింగ్ ఉన్నదా లేదా చెక్ చేసేది. ఏం కాదు, భయపడకు. తీసినవు సరే, మల్ల బిగించినవా? బిగించినవ్ గద. ఇగ చాయ తాగు.

ఏం చేస్తవ్ ఆ బండిని కొని? టిఫిన్ బండి పెడ్తవా, ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద? మంచిగున్నది బిడ్డా. ఇయ్యాల రేపు ఇంజనీరింగు చదివినోళ్లంత ఇడ్లీ పిండే కలుపుతున్నరు, నువ్వెందుకు వెనకవడాలె. లోపట పొయ్యి ఉన్నది, పడక ఉన్నది, చేతులు కడుక్కునే తొట్టి ఉన్నది, అన్నీ ఉన్నయ్. ఏందీ? మల్లేశ్వర్‌ను అడిగినవా? ఏమన్నడు మా సైంటిస్టు? ఇంజను మిస్సింగ్ ఇస్తది, పికప్ లేదు, తుక్కు కింద తూకమేసుడే అన్నడా? వాడా! షంషాబాద్ల మెకానిక్ షెడ్డు పెట్టినప్పటికెల్లి వాడు చెప్పిన రోగం ఒక్కటన్న నిజమైతె నేను గీ మీసం గీక్కుంట. గా బండి ఇంజను బంగారం. రోగం ఇంజనుకు కాదురా. రోగం బుచ్చయ్యకు.

బుచ్చయ్య నీకు యాదికుండడు, నువ్వప్పుడు చెడ్డీల మీద తిరుగుతున్నవ్. నాకు వరుసకు అన్న అయితడు, సోపతి అంతకన్న ఎక్కువ. తొండుపల్లి అవతల, ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ గోడ లోపట, విమానం దిగేటప్పుడు కోడి లెక్క కాళ్లు బయటపెడ్తది చూడు, గా జాగలనే ఆయన పొలం. గోడ మీదికెల్లి ఇప్పటికీ ఒక పెద్ద రాతి గుండు కనిపిస్తది, తాబేలు గుండంటం మేం. గుండు నీడకు బాయి, బాయి పక్కకు మడి. బుచ్చయ్య ఆ మడిల పడ్డడంటె ఇగ లోకమంత తలకిందులైనా లేవడు. సక్కుబాయి వదినె కాపురానికొచ్చిన కొత్తల ఒక్కటే అడిగింది ఆయన్ని. నగలడగలే, చీరలడగలే. 'శ్రీశైలం మల్లన్నను చూపియ్యి' అన్నది. మా మారాజు ఏమన్నడు? 'పోదాం తీయ్' అన్నడు. గా 'తీయ్' తోనే ఆమె జన్మంత ఎల్లిపోయింది. శివరాత్రికి పోదామయ్యా అంటె 'నీళ్లు కట్టాలె'. ఉగాదికన్న పోదామంటె 'బర్రె ఈనుతది'. ఆయన లెక్కల గా బర్రె ఏడాది పొడుగున ఈనుతనే ఉండె! 'గింత మంచి బర్రె నాకూ ఒకటి చూపియ్యన్నా' అని నేనే ఒకసారి అడిగితె రాయి తీసుకొని ఉరికిచ్చిండు.

ఇగ పొలం పోయింది. ఎయిర్‌పోర్ట్ వచ్చింది. మన పక్కకే విమానాలు దిగుతయని ఊరంత ఒకటే సంబరం, ఏదో మనల్ని ఎక్కించుకుంటరన్నట్టు. మనకేమొచ్చె? మోత వచ్చె. బుచ్చయ్య ఈడ, పాల్మాకుల కాడ, జాగ తుకుడా కొని గీ పక్కిల్లు కట్టుకున్నడు. కట్టుకున్నడు గని మనసు ఇంట్ల లేదు. గోడ దిక్కు మాత్రం మొకం పెట్టలే. అటుదిక్కు పని పడితె ఊరంత చుట్టు తిరిగి పోయేటోడు. 'గా గోడను చూస్తె కండ్లు మండుతయిరా ఈశ్వరయ్యా' అనేది. చెరువు మీద అలిగినోని సామెత ఒకటున్నది, చెప్పనా? వద్దుతీయ్, చాయ తాగుతున్నవ్.

గప్పుడు పట్టుకున్నది వదినె. 'బాయి పూడ్చిండ్రు, బర్రెలమ్ముడువోయినయ్, ఇంక నీళ్లు కట్టేటందుకు ఏం మిగిలింది? ఇప్పుడన్న తీసుకపో శ్రీశైలం' అన్నది. ఆమెకు మోకాళ్లు అరిగిపోతుండె. దవాఖానల చెప్పిండ్రు, ఇప్పుడు నడిచేది నడువమ్మా, ముందుముందు కష్టమని. ఇగ ఆయన కొత్త బర్రెను వెతుక్కోవాలె గద! 'బస్సెక్కుడు నీతోని కాదు. బయటి తిండి నీకు పడదు. పరాయి పంచల పండుకుంటె నాకు నిద్ర రాదు' అన్నడు. ఆమె తక్కువదా? 'అయితె పొయ్యి, పడక తీసుకొనే పోదాం, ఇల్లే తీసుకొని పోదాం' అన్నది ఎక్కిరిచ్చుకుంట. ఇగో, దేవుడు విన్నడు. పట్నంల ఎవరో కండ్ల డాక్టరు పాత డీజిల్ వ్యానుకు లోపట ఇల్లు కట్టిచ్చుకున్నడట, పెండ్లాం పిల్లలతోని దేశం తిరిగినడట, పాతగైందని అమ్మకానికి పెట్టిండు. బుచ్చయ్య పోయి చూసిండు. ఇగ సాకు దొరకలే. కొనుకొచ్చిండు. ఊరోళ్లు 'ఇల్లుబండి' అని పేరు పెట్టిండ్రు. ట్రాక్టర్ నడిపిన చెయ్యి గద, డ్రైవర్ ఎందుకు, తనే తోల్తనన్నడు. తోలిండు కూడ, దుక్కి దున్నినట్టు.

ఇప్పుడు పసుపు ముచ్చట చెప్త విను. కొత్త ఇల్లు కట్టినప్పుడు మేస్త్రి ఏం చేసిండంటె, 'ఇప్పుడు గడప ఫ్యాషన్ కాదు పెద్దమ్మా, టైల్స్ ఒకటే సాపుగ పోవాలె' అని గడప లేకుండ తలుపు పెట్టిండు. అరె, గడప లేని ఇల్లు ఇల్లేనారా? శుక్రారం పొద్దుగాల తానం చేసి పసుపు గిన్నె పట్టుకొని వదినె తలుపు కాడ నిలబడేది. ఏడ రాస్తది? టైల్ మీద రాస్తె జారుతున్నది, కొడుకు గోవర్ధన్ డ్యూటీకి పోతుంట తొక్కిపోతుండె, ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడుపుతడు గద వాడు. ఇల్లుబండి రాంగనే ఆమెకు గడప దొరికింది. బండి తలుపు కాడ ఇనుప పట్టీ ఉన్నది చూడు, దానికి పసుపు. ముందటి లైట్లు కండ్లట, వాటికి బొట్టు. స్టీరింగుకు బొట్టు, టైర్లకు బొట్టు. పక్కకు డీజిల్ మూత చూసింది. 'గిదేంది?' అంటె బుచ్చయ్య 'గదే దాని నోరు, ఆడికెల్లే తింటది' అన్నడు. తినే నోటిని ఎవరన్న ఒట్టిగ వదిలిపెడ్తరా? మూతకు పసుపు మెత్తింది, సన్నగ కాదు, గడపకు మెత్తినట్టు. దాని నడిమిట్ల సూది మొనంత తూటు ఉన్నదని ఆమెకేమెరుక? నీకెరుకనా? ఇంజనీరింగు చదివినవ్ గద! పోనీ తీయ్.

మొదటి ప్రయాణం. బేస్తారం పొద్దుమూకి బంకుకు పోయి ట్యాంకు నిండ డీజిల్ కొట్టిచ్చిండు. రైతు గద, వడ్ల గుమ్మి నిండితెనే నిద్రపడ్తది. శుక్రారం పొద్దుగాల వదినె పూజ చేసింది, కొబ్బరికాయ కొట్టింది, నన్ను కూడ రమ్మన్నరు. ఎందుకంటె ఎవరన్న తోసేటోడు కావాలె గద. శ్రీశైలం రోడ్డు ఎక్కాల్నంటె మంఖాల్ దిక్కు పోవాలె, గోడెంబడి రోడ్డే దగ్గర. ఆయన చుట్టు తొవ్వన పోదామంటడు, ఈమె 'దగ్గరి తొవ్వ ఉండంగ చుట్టు తొవ్వెందుకు, నా మోకాళ్ల మీద దయ లేదా' అంటది. ఆమెదే పైచెయ్యి. బయలెల్లినం. బండి దడదడదడ మంచిగ పోతున్నది. గోడ మొదలైంది. బుచ్చయ్య మెడ బిగబట్టి ముందటికే చూస్తున్నడు. ఇగ అప్పుడు షురువైంది. నాలుగు దెబ్బలు మంచిగ కొట్టుడు, ఒక దెబ్బ మింగుడు. నాలుగు కొట్టుడు, రెండు మింగుడు. యాక్సిలేటర్ తొక్కితె పికప్ లేదు, ముసలెద్దును ముల్లుకర్రతోని పొడిచినట్టు ఉలుకులేదు పలుకులేదు. దగ్గింది, గురక పెట్టింది, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఏడ ఆగింది? సరిగ్గ తాబేలు గుండుకు ఎదురుంగ.

వదినె కిటికీలకెల్లి చూసింది. 'అయ్యా, మన గుండు' అన్నది. ఆయన స్టీరింగు విడువలే. 'అటు చూడకు' అన్నడు. నేనేమంట? నేను ఎన్క కూసోని దేవుని కోసం కట్టుకున్న పులిహోర దిక్కు చూస్తున్న. ఇంతట్ల గోడ కావలోళ్లు వచ్చిండ్రు తుపాకులేసుకొని. అండ్ల ఒక మీసాలాయన, ఏ ఊరోడో ఏమో, 'ఏయ్ బుడ్డా! ఇదర్ గాడీ కైకు రోకా?' అని, బండి ఈడెందుకు ఆపినవని ఒకటే లొల్లి. బుచ్చయ్యకు ఉర్దు వచ్చు, గని గాయనను చూడంగనే అన్ని భాషలు మర్చిపోయిండు. అద్దం కట్టిన కట్టెతోని బండి కింద చూసిండ్రు. పడక లేపి చూసిండ్రు. మామిడికాయ తొక్కు జాడి వాసన చూసిండ్రు, ఒకాయన రెండుసార్లు చూసిండు. ఆఖరికి డీజిల్ మూత తీపిచ్చి 'ఇస్మే క్యా హై?' అన్నరు. డీజిల్ ట్యాంకుల డీజిల్ కాకపోతె అమృతముంటదా? ఇగ అన్ని అయినంక 'చలో, జావ్' అన్నరు. కీ తిప్పితె, ఏమన్నున్నదా! దడదడదడ, గుర్రం లెక్క. గని వదినె మనసు విరిగింది. 'మొదటి అడుగుల్నే అడ్డం తగిలింది, ఇయ్యాల వద్దు, మలుపు' అన్నది. ఇంటికొచ్చి పులిహోర తిన్నం.

ఇగ మల్లేశ్వర్ కత. బండిని షెడ్డుకు తీస్కపోతె వాడు చెవి పెట్టి విన్నడు, డాక్టరు నాడి చూసినట్టు కండ్లు మూసుకున్నడు. 'పెదనాయినా, ఎయిర్ పట్టింది' అన్నడు. డీజిల్ పైపులన్ని విప్పిండు. ట్రయల్ కొట్టిండు, తొండుపల్లి దాంక పోయొచ్చిండు, బండి బరాబరున్నది. వచ్చే శుక్రారం? గుండు కాడ దడ్, దడ్... బంద్. మల్ల పోతె 'నాజిళ్లు' అన్నడు. నాజిళ్లు మార్చిండు, ట్రయల్ల బరాబర్. శుక్రారం గుండు కాడ బంద్. 'ఫిల్టరు' అన్నడు. 'పంపు' అన్నడు. ఆఖరికి ఏమన్నడో ఎరుకనా? 'బండిల ఏం లేదు పెదనాయినా, నువ్వు నడిపే తీర్ల ఉన్నది' అన్నడు! ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మరి వాడు పోతె ఎందుకు నడిచేదంటవా? సామాన్లు కడిగేటందుకు వాడు వచ్చిన ప్రతి బండి ట్యాంకుల్నే డీజిల్ గుంజుతడు. మూత తీసేది, డీజిల్ గుంజేది, పసుపంత తుడుసుకపోయేది, ఇగ వానికి బండి నడువకేమైతది! ఇంట్ల పిల్లి లెక్క పాలు తాగుకుంటనే వైద్యం చేసిండు. గది మనకు తర్వాత తెలిసింది.

బుచ్చయ్యకు మాత్రం అప్పటికే గుండెల పడ్డది. బండి వేరేటోని చేతిల నడుస్తున్నది, ఆయన చేతిల నడుస్తలేదు. ఏడ ఆగాల్నో ఆడనే ఆగుతున్నది. ఒకనాడు నాతోని మెల్లగ, 'ఈశ్వరయ్యా, నేను ఒక్కసారన్న చూడనందుకు పట్టుకుంటున్నదంటవా?' అన్నడు. 'ఎవరే?' అంటె తువ్వాల దులుపుకొని లేచిపోయిండు. అట్లాంటి మనిషికి దుర్గవ్వ దొరకాలెనా! నీకు దుర్గవ్వ ఎరుకే, గా వేపమండలు పట్టుకొని ఊగేటామె. ఊగి ఊగి చెప్పింది: 'నీ భూమి తల్లి తొవ్వకు అడ్డం పండుకున్నది బిడ్డా, నన్ను దాటి ఎట్ల పోతవని అడుగుతున్నది. కోడిని కొయ్యి' అన్నది. కోడే ఎందుకంటవా? ఆమెకు మేక మాంసం అరుగదు.

పోయినం. బుచ్చయ్య, వదినె, నేను, దుర్గవ్వ, కోడి. వదినె పొద్దుగాల అన్నిటికి పసుపు మెత్తింది, ఇయ్యాల జర ఎక్కువనే. గుండు కాడ బండి మర్యాదగ ఆగింది. చక్రం కాడ కోడిని కోసినం. ఇగ కోసిన కోడిని ఏం చేస్తం? బండ్ల పొయ్యి ఉన్నది, గిన్నెలున్నయ్, ఉప్పు కారం ఉన్నది. వదినె ఆడనే వండింది. బువ్వ తినేటప్పుడు బుచ్చయ్య బండి దిగిండు. మొదటిసారి దిగిండు. గోడ కాడికి పోయిండు, చెయ్యి పెట్టి చూసిండు, దానికే వీపు ఆనిచ్చి కూసున్నడు. నెత్తి మీద గుండు కనిపిస్తున్నది. రెండు ముద్దలు తిని, 'సక్కూ, మడి గట్టు మీద సద్ది తిన్నట్టే ఉన్నదే' అన్నడు. పొలం పోయినంక ఆ మనిషి మొకంల వెలుగు నేను అప్పుడే చూసిన. వదినె మొకం తిప్పుకొని ఇంకింత బువ్వ పెట్టింది. నేను కూర గిన్నె నా దిక్కు గుంజుకున్న.

ఇంతట్ల మీసాలాయన ఉరికొచ్చె. 'ఫిర్ తుమ్?' అన్నడు. నెత్తురు చూసి తుపాకి సర్దుకున్నడు, కూర చూసి నిమ్మళమైండు. పద్ధతి పద్ధతే గద, మల్ల అన్ని విప్పి చూసుడు. డీజిల్ మూత తిప్పంగనే 'సుయ్' మని చప్పుడైంది. గాలి లోపటికి గుంజుకున్న చప్పుడు. ఎవ్వలం వినలే, వినే తీర్ల ఎవరున్నరు, దుర్గవ్వ తొడ బొక్క చీకుతుండె. వదినె విన్నది. బండి స్టార్టయ్యింది, దుర్గవ్వ 'చూసిండ్రా తల్లి మహత్యం' అని ఎగిరింది, ఒక కాలు ఇంటికి కూడ కట్టిచ్చుకుంది. వదినె మూత దిక్కే చూస్తుండె. మల్ల శుక్రారం అన్నిటికి పసుపు రాసింది, మూత కాడికొచ్చి ఆగింది, దానికి రాయలే. తూటును చీపురు పుల్లతోని పొడిచి సాపు చేసింది. తర్వాత మాకు చెప్పింది గద: 'జాడికి మూతేసి బట్టకట్టి కొన్నొద్దులైనంక విప్పితె అట్లనే చప్పుడైతది. నోరు మూసి ముక్కు మూస్తె మనిషన్న ఎంత దూరం నడుస్తడు? నేనే దాని ఊపిరి ఆపిన' అన్నది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఎన్ని పంపులు, ఎన్ని నాజిళ్లు, ఒక కోడి! మల్లేశ్వర్ ఏమన్నడు? 'నేను మొదటి రోజే చెప్పిన గద, ఎయిర్ ప్రాబ్లమని' అన్నడు.

గా శుక్రారమే శ్రీశైలం పోయినం. గోడ మొదలైంది. బండి దడదడదడ. గుండు దగ్గరపడ్తున్నది. బుచ్చయ్య కాలు యాక్సిలేటర్ మీదికెల్లి మెల్లగ లేచింది, నేను ఎన్కకెల్లి చూస్తనే ఉన్న. బండి ఆగుతదేమోనని కాదురా. ఆగితె బాగుండని. ఆగలే. గుండు పక్కకొచ్చింది, ఎన్కకు పోయింది. 'ఏందే, ఆగలే' అన్నడు, ఎవరో తన మీద అలిగినట్టు. మంఖాల్ దాటిందాంక అద్దంల ఎన్కకే చూస్తున్నడు, ముందట వచ్చే లారీలను మేం చూసుకోవాల్సొచ్చింది. శ్రీశైలంల వదినె మెట్లన్ని పట్టుకొని పట్టుకొని ఎక్కింది, మల్లన్నను చూసి ఏడ్చింది, కడుపునిండ ఏడ్చింది. 'ఇగ నాకేం కొదువలేదు ఈశ్వరయ్యా' అన్నది నాతోని. మా మారాజు? దేవునికి ఒక దండం పెట్టి, బయట ఎవరో జొన్నలు పండిచ్చేటాయన దొరికితె పొద్దంత ఆయనతోని కంకుల మీద ముచ్చట. శిఖరం చూస్తె మల్ల జన్మ లేదంటరు గద, 'శిఖరం చూసినవా అన్నా?' అంటె 'చూసిన తీయ్, మన గుండంత లేదు' అన్నడు. పాపం తలుగుతదని నేను చెంపలేసుకున్న.

ఇగ అయిపోయింది కత అనుకున్నవా? నేనూ గట్లనే అనుకున్న. మల్ల శుక్రారం బుచ్చయ్య, 'ఊకె ఇంట్ల ఏం కూసుంటం, అట్ల పోయొద్దాం పట్టు' అన్నడు. పోయినం. గుండు కాడ దడ్, దడ్... బంద్! నేను పరేషాన్. ఆ పై శుక్రారం కూడ బంద్. మల్లేశ్వర్ వచ్చిండు, ఈసారి నిజంగనే నెత్తి పట్టుకున్నడు. 'ఇంజను దించాలె' అన్నడు. వదినె, నేను బండి ఎన్కకు పోయి చూసినం. మూతకు పసుపు. ఆమె రాసింది కాదు. ఆమె రాస్తె అరచేతితోని సాపుగ రాస్తది. గిది గోడకు పిడక కొట్టినట్టు కొట్టి ఉన్నది, నడిమిట్ల తూటు మీద బొటనవేలు అచ్చు. ఎడమచేతిది. పొలం కాయితాల మీద ఏసిన వేలు అదే. నేను నోరు తెర్వబోతె వదినె నా చెయ్యి పట్టుకుంది. 'అడగకు' అన్నది. 'నలభై ఏండ్లు నేను అడుగుతుంటె సతాయిస్తున్ననుకున్నడు. ఇప్పుడు ఆయన అడుగుతున్నడు, అడగనియ్యి' అన్నది. ఇగ గప్పటిసంది ప్రతి శుక్రారం మాకు అదే యాత్ర. గుండు కాడ బండి ఆగాలె, బుచ్చయ్య 'అరె, మల్ల మిస్సింగే' అని బాధపడాలె, ఏం యాక్టింగ్ అనుకున్నవ్! వదినె జొన్న రొట్టెలు, పచ్చిపులుసు తీయాలె. గోడకు వీపు ఆనిచ్చి తినాలె. మీసాలాయనకు కూడ అలవాటై పోయింది. రొట్టె తిని, మీసం తుడుసుకొని, 'బాబా, ఖోల్ దూఁ క్యా?' అని ఆయనే వచ్చి మూత తీసేటోడు. విమానాల కావలికొచ్చినోడు మనకు మెకానిక్ అయ్యిండు. అందరికెరుకే, బుచ్చయ్యకే ఎవరికెరుకలేదని భరోస.

తెలంగాణ వచ్చిందని పటాకులు కాల్చిండ్రు చూడు, గా ఎండాకాలం పోయిండు బుచ్చయ్య. ఎక్కువ బాధపడలే, పొద్దుగాల లేవలే, అంతే. మనోళ్ల కాష్టం జాగ గోడ దాటినంక పాత వాగు కాడ. పాడె మోసుకపోదామంటె దూరం. మోసే సోపతిగాళ్లు ముసలోళ్లైరి, వయసు పోరలు డ్యూటీల మీద ఉన్నరు. గోవర్ధన్ 'కిరాయి బండి మాట్లాడుత' అన్నడు. వదినె 'ఇంట్ల ఇల్లుబండి ఉండంగ కిరాయి బండెందుకురా' అన్నది. మల్లేశ్వర్ తోల్తనన్నడు. ఆడోళ్లు వదినెకు ఆఖరిసారి పసుపు రాసి, బొట్టు పెట్టిండ్రు. మన దాంట్ల రివాజు నీకెరుకే, ఆనాటితోని ఆమెకు పసుపు బంద్. వాళ్లు ఏడ్సుకుంట ఉన్నరు, ఈమె లేచింది, గిన్నెల మిగిలిన పసుపు పట్టుకొని బండి పక్కకు పోయింది. అందరు మనాదిల ఉన్నది అనుకున్నరు. నేనొక్కన్నే చూసిన ఏడ రాసిందో.

పాడె దింపి చెవుల మూడుసార్లు పిలుస్తరు గద, గా దింపుడు కల్లం ఏడ అని పెద్దమనుషులు తొవ్వల లొల్లి. ఒకాయన చౌరస్త అంటడు, ఒకాయన వాగు అంటడు. సావు కాడ కూడ మాదే నడవాల్నని. బండి గోడెంబడి పోతున్నది, డప్పులు ముందట. నాలుగు దెబ్బలు కొట్టుడు, ఒకటి మింగుడు. దడ్, దడ్... గుండు కాడ బంద్. లొల్లి తెగిపోయింది. మల్లేశ్వర్ దిగి మూత దిక్కు ఉరికిండు, ఆఖరికన్న నేర్చుకున్నడు పాపం, ఇప్పుడు మల్ల మర్చిపోయిండు. వదినె అన్నది, 'ముట్టకు మల్లేశా. ఈడనే దింపుండ్రి.' దింపినం. తల గుండు దిక్కు పెట్టినం. మీసాలాయన ఉరికొచ్చి, 'ఇదర్ నై' అనబోయి, చూసి, నెత్తి మీది టోపి తీసి చేతిల పట్టుకున్నడు. గోవర్ధన్ వంగి చెవుల పిలిచిండు, 'బాపూ' అని. ఎవరు పలుకుతరు? మల్ల పిలిచిండు. మూడోసారి పిలిచేటప్పుడే మీదికెల్లి విమానం రావాల్నా! చెవులు పగిలే మోత, వాని నోరు కదులుతున్నది గని మాట మాకే వినపడలే. ఆడోళ్లు ఆడికెల్లే మల్లాలె గద, లేస్తున్నరు. వదినె లేవలే. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ఆయన పక్కకు కూసున్నది. 'ఆగు గోవర్ధనూ, విమానం పోనియ్యి' అన్నది. 'మల్ల పిలువు. ఆయనకు వినపడలే.'

...అగో, వదినె బయటికొస్తున్నది, ఇయ్యాల శుక్రారం గద. చెయ్యి, చెయ్యి దాచిపెట్టు జేబుల. ఆఁ, ఏమంటివి నవీనూ, ఇడ్లీల్లకు పల్లి చట్నీ పెడ్తవా, కొబ్బరి చట్నీ పెడ్తవా?